రెండో గ్రిజెల్

బాలెమార్టిన్, టైరీ దీవి
9 ఫిబ్రవరి 1993

యూనా హాల్డేన్ గారికి,

మీరు నన్ను ఎరగరు. నేను మిమ్మల్ని ఎరిగింది చేపల పుణ్యాన. పక్క కమతం పెద్ద హెక్టర్ నిన్న రెండు హాడక్ చేపల్ని మీ గ్లాస్గో పేపర్లో చుట్టి తెచ్చాడు. విప్పుతుంటే మీ వ్యాసం కనపడింది. మీ ఫోటో మీద పొలుసులు అంటుకున్నాయి గానీ అక్షరాలు శుభ్రంగానే ఉన్నాయి. పొయ్యి మీద చేపలు మాడిపోయేదాకా చదివాను.

1891 జనాభా లెక్కల్లో, కిల్‌బార్వీ శరణాలయంలో, ఏడేళ్ల గ్రిజెల్ రాన్‌కైన్ అనే పిల్ల దొరికిందనీ, తల్లి బేథియా లోరిమర్, తండ్రి ఓడలో బొగ్గు వేసే ఆడమ్ అనీ, ఆ పిల్ల మీ అమ్మమ్మ అనీ రాశారు. బాగా రాశారు. చదివి ఏడ్చాను కూడా. కాకపోతే ఒక్క చిక్కు. ఆ పిల్ల మా అమ్మ.

శరణాలయం వాళ్లు గ్లాస్గో పిల్లల్ని పడవెక్కించి మా దీవుల్లో పెంపకానికి పంపేవాళ్లని మీకు తెలిసే ఉంటుంది. అమ్మ అలా వచ్చింది. ఇక్కడే పెరిగింది, మా నాన్న ఆర్చీ లామంట్‌ని చేసుకుంది, 1951లో ఇక్కడే పోయింది. ఇన్నేళ్ల తర్వాత మీ అమ్మమ్మ ఎట్లా అవుతుంది?

కయ్యానికి రాయడం లేదు. నాకొక అవసరం ఉంది. జనవరి గాలివానకి శ్మశానంలో అమ్మ రాయి విరిగి రెండు ముక్కలైంది. మే నెలలో ఓబన్ నుంచి రాతిపనివాడు వస్తాడు. రాయి మీద ఏం చెక్కాలో అప్పటికి చెప్పాలి. ఫలానా ఆమె కూతురు అని చెక్కడం మా దగ్గర రివాజు. అమ్మ మాత్రం పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మ పేరు నా రాయి మీద ఉండకూడదు. నన్నొద్దనుకున్న మనిషి నెత్తిమీదెందుకు?" అంది. పాత రాయి మీద చెక్కించలేదు. ఇప్పుడు నాకు డెబ్భై ఎనిమిది. ఈ రాయి తర్వాత ఇంకో రాయి వేయించేవాళ్లెవరూ లేరు. ఆ బేథియా తన కూతుర్ని నిజంగానే వద్దనుకుందా? మీ దగ్గర కాగితాలున్నాయంటున్నారు. అది తేల్చి చెప్పండి చాలు.

కర్స్టీ లామంట్


గ్లాస్గో
15 ఫిబ్రవరి 1993

కర్స్టీ లామంట్ గారికి,

మీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను. మూడోసారి కోపంతో చదివాను. కోపం మీ మీద కాదు, అది నాకు ఊపిరితో పాటు వచ్చేదే, పట్టించుకోకండి.

ఒక మనిషి రెండు చోట్ల చావలేదు. మా అమ్మమ్మ గ్రిజెల్ రాన్‌కైన్ 1968లో పార్టిక్‌లో, మా అమ్మ మంచం మీద, నా కళ్లముందు పోయింది. బేథియా లోరిమర్ కూతురని మరణ ధ్రువపత్రంలో ఉంది. లెక్కల ప్రకారం చూస్తే ఆమె వయసు తొమ్మిదేళ్లు ఎక్కువ రావడం నిజమే. శరణాలయంలో పెరిగిన సంగతి దాచడానికి వయసే మార్చి చెప్పుకుందనుకున్నాను. బీదవాళ్లకి సిగ్గుపడటం నేర్పింది ఎవరు? ఈ దేశంలో దొంగతనం చేసినవాడు తలెత్తుకు తిరుగుతాడు, ఆకలిగొన్నవాడి కూతురు పుట్టినరోజు దాచుకుంటుంది.

ఆ శరణాలయాల సంగతి మీకు తెలియదు. వాళ్లు పిల్లల్ని చేరదీయలేదు, ఏరుకున్నారు. తల్లి జబ్బుపడితే చాలు, తండ్రి సముద్రం మీద ఉంటే చాలు, బండి గుమ్మంలో ఉండేది. ఆదివారం ప్రసంగంలో ఆ పిల్లల్ని చూపించి చందాలు పోగుచేసేవాళ్లు. ఒక పిల్ల పేరు ఇంకో పిల్లకి తగిలించడం వాళ్లకి మేజోడు మార్చినంత తేలిక. మీ అమ్మగారు ఎవరి పిల్లో, ఎవరి పేరుతో టైరీలో దిగిందో! ఆమె తప్పని అనడం లేదు. ఆమెకి అన్యాయం జరిగిందంటున్నాను.

అయినా అడుగుతున్నాను. శరణాలయానికి ముందు సంగతులు ఆమెకి ఏమన్నా గుర్తున్నాయా?

యూనా హాల్డేన్


బాలెమార్టిన్
26 ఫిబ్రవరి 1993

యూనా హాల్డేన్ గారికి,

మా అమ్మని దొంగ పేరుదాన్ని చేశారు. సరే. అన్యాయం జరిగింది అంటూనే చేశారు కాబట్టి మర్యాదగానే చేశారనుకుంటాను.

ఈ ఉత్తరం ఆలస్యమైంది. గాలికి వారం రోజులు ఓడ రాలేదు. దీవిలో టీ పొడి ఉంది, పాలున్నాయి, మాట్లాడటానికి పక్క కమతం హెక్టర్లిద్దరూ ఉన్నారు, ఇబ్బందేం లేదు.

అమ్మకి గుర్తున్నవి చెబుతాను. మూడో అంతస్తు. మెట్ల మీద గ్యాసు దీపం. వాళ్ల నాన్న ఓడ మీద నుంచి పెద్ద శంఖం ఒకటి తెచ్చాడు, లోపల గులాబి రంగు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెట్లు దిగుతూ అమ్మ జారవిడిచింది. అంచు పెచ్చు ఊడింది. వాళ్లమ్మ కొట్టలేదట, "పోన్లే, సముద్రం ఇంకా లోపలే ఉంది" అందట. తర్వాత వాళ్లమ్మకి విషజ్వరం వచ్చి అంటురోగాల ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు నల్ల టోపీలతో వచ్చారు. అంతే.

ఇక్కడికి వచ్చినప్పుడు మా దీవి భాష గేలిక్ ఒక్క ముక్క రాదు. కాళ్లకి మేకుల బూట్లు, అందరు శరణాలయం పిల్లలకీ ఒకటే గుడ్డ. పెంచుకోవడానికి తీసుకెళ్లాలని రేవుకి వచ్చిన మా నాయనమ్మ, ఓడ దిగిన పిల్లని చూసి, "ఇదేం పిల్లే, గొర్రెల సంతలో మిగిలిపోయినట్టుంది!" అందట. అని తన శాలువా తీసి కప్పిందట. తిట్టీ కప్పే జాతి మాది.

ఇంకోటి. ఇది మామూలు ఇళ్లలో పెద్ద విషయం కాదు గానీ మాకు పెద్దదే. మొదటి కూతురికి తల్లి తల్లి పేరు పెట్టాలి. మీకూ అంతే కదా? నేను మొదటి కూతుర్ని. బేథియా అని పెట్టాలి. అమ్మ పెట్టనివ్వలేదు. నాన్న తల్లి పేరు పెట్టించింది. బళ్లో పిల్లలు అడిగేవాళ్లు, "నీకు అమ్మమ్మ లేదటే? ఆమెకి పేరు లేదటే?" అని. ఇంటికొచ్చి అడిగితే అమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చేది.

ఇది దొంగ పేరు పిల్ల చేసే పనేనా? లేని తల్లి మీద అంత కోపం ఎవరికొస్తుంది?

కర్స్టీ లామంట్


గ్లాస్గో
14 మార్చి 1993

కర్స్టీ లామంట్ గారికి,

ఎడింబరో వెళ్లి జనన రిజిస్టర్లు చూసొచ్చాను. మూడు రోజులు సెలవు పెట్టాను. అక్కడ ఫీజు కట్టి మన ముత్తవ్వల్ని మనమే కొనుక్కోవాలి, ఆ సంగతి మీద వేరే వ్యాసం రాస్తాను.

దొరికింది రాస్తున్నాను. నిదానంగా చదవండి. బేథియా లోరిమర్‌కి, ఆడమ్ రాన్‌కైన్‌కి 1884లో గ్లాస్గో పక్కన గోవన్‌లో ఒక కూతురు. పేరు గ్రిజెల్. అదే తల్లికి, అదే తండ్రికి 1893 మార్చిలో ఇంకో కూతురు. పేరు మళ్లీ గ్రిజెల్. మా అమ్మమ్మ ఈ రెండోది. ఆమె వయసు దాచలేదు. నేను పేపర్లో ఆమె మీద లేనిపోని అబద్ధం వేశాను. సవరణ పంపితే ఎడిటర్, "అమ్మమ్మల సవరణలు వేసుకోం యూనా" అన్నాడు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం మా వైపు ఇంటింటా ఉన్నదే. పేరు నేల పాలు కాకూడదని. బతికున్న బిడ్డ పేరు మాత్రం ఎవరూ పెట్టరు, అపశకునం, చచ్చినా పెట్టరు. 1893లో రెండో గ్రిజెల్ ఉందంటే అప్పటికి మొదటి గ్రిజెల్ పోయిందనే అర్థం. శరణాలయంలోనే పోయి ఉంటుంది. ఆ గదుల్లో పిల్లలు ఈగల్లా రాలిపోయేవాళ్లు. పోయిన పిల్ల కాగితాలు వేరే పిల్లకి తగిలించి టైరీకి పంపారు. శంఖం సంగతంటారా, పక్క మంచం పిల్ల చెప్పిన కథని తనదే అనుకునే పిల్లలుంటారు. తమదంటూ ఏమీ మిగలనివాళ్లు పక్కవాళ్ల జ్ఞాపకాల్నైనా కప్పుకుంటారు.

అంటే మీరూ నేనూ చుట్టాలం కాము. బాధగానే రాస్తున్నాను. కానీ మీ సమస్య తీరింది. మీ అమ్మగారు ఎవరి కూతురో తెలియదు కాబట్టి రాయి మీద ఎవరి పేరూ అక్కర్లేదు.

యూనా హాల్డేన్


బాలెమార్టిన్
22 మార్చి 1993

యూనాకి,

ఇక మీరూ గీరూ లేదు. నాకు కూతురంటూ ఉంటే నీ వయసే ఉండేది.

నా సమస్య తీర్చావట! మా అమ్మని ఏడేళ్లకే చంపేసి, నన్ను దిక్కులేనిదాని కూతుర్ని చేసి, పైగా ఓదార్పు. నల్ల టోపీల ఆడవాళ్లు కూడా ఇంత పని ఒక్క ఉత్తరంలో చెయ్యలేదు.

బతికున్న బిడ్డ పేరు పెట్టరని ఏ చట్టంలో ఉంది? నీ ఉత్తరం చదివి హెక్టర్లిద్దర్నీ పిలిచాను. ఒకే తల్లి కడుపున పుట్టారు, ఇద్దరి పేరూ హెక్టరే, ఇద్దరూ గుండ్రాయిల్లా ఉన్నారు. వాళ్ల రెండు వైపుల తాతలూ హెక్టర్లే. ఏ తాత పేరు పెట్టకపోయినా ఇంకో తాత మాట్లాడడు. అందుకని ఇద్దరికీ పెట్టారు.

"గ్లాస్గోలో ఒకమ్మాయి, ఒకే పేరున్న ఇద్దరిలో ఒకడు చచ్చి ఉండాలంటోంది," అన్నాను.

చిన్న హెక్టర్, "అయితే వీడే. బుర్ర పోయి చాన్నాళ్లయింది," అన్నాడు.

"నోర్ముయ్యరా. నేను పోతే నా పేరు కూడా నీకే వస్తది, రెండు హెక్టర్లు ఒక్కడివే మొయ్యాలి. ముందు నా పార ఇచ్చెయ్," అన్నాడు పెద్దోడు.

మా దీవిలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పెద్ద నీల్, చిన్న నీల్. పెద్ద మెయిరీ, చిన్న మెయిరీ. నీ రిజిస్టర్లు మా ఊరికి పనికిరావు. నీకు తెలిసిందల్లా ప్రపంచం అనుకోకు. శరణాలయం వాళ్లు కూడా అంతే అనుకున్నారు.

మా అమ్మ చచ్చిపోయిన కాగితం చూపించు. అప్పుడు ఒప్పుకుంటాను.

కర్స్టీ


గ్లాస్గో
29 మార్చి 1993

కర్స్టీ గారికి,

కాగితం లేదు.

మళ్లీ వెళ్లాను. 1890 నుంచి 1893 దాకా గ్లాస్గో చుట్టుపక్కల మరణాలన్నీ చూశాను. గ్రిజెల్ రాన్‌కైన్ లేదు. మరణం రాయించకపోతే అప్పట్లో కూడా నేరమే. అయినా శరణాలయం వాళ్లు పిల్లని గుట్టుచప్పుడు కాకుండా పూడ్చేశారనుకుని ఒక పూటంతా ఉడికిపోయాను. వ్యాసం సగం రాసేశాను. తర్వాత శరణాలయం పాత దస్తరం చూడనిచ్చారు. గుమాస్తా నా భుజం మీదుగా తొంగి చూస్తూ, "అమ్మా, గట్టిగా నిట్టూర్చకండి, పక్కవాళ్లు చదువుకుంటున్నారు," అన్నాడు.

అందులో మొదటి గ్రిజెల్ పక్కన 'అనాథ' అని ఉంది. తల్లి బతికుంది, తండ్రి బతికున్నాడు, అనాథ! బిడ్డని అనాథని చెయ్యడానికి వాళ్లకి చావు కూడా అక్కర్లేదు, సిరా చాలు. ఆ కిందనే, 'టైరీ, లామంట్ ఇంట పెంపకం, 1892' అని ఉంది. వేరే పిల్ల అనడానికి ఆధారం ఏమీ లేదు. మీ అమ్మగారే మొదటి గ్రిజెల్. నేను అన్నది తప్పు.

కానీ నాకు ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. మీ దీవి రివాజు మా గోవన్‌కి లేదు. తాతల పేర్లు చూశాను. బేథియా తల్లి పేరు గ్రిజెల్, ఆడమ్ తల్లి పేరు మారియన్. రెండో కూతురికి మారియన్ అని పెట్టాలి. హెక్టర్ల వంక ఇక్కడ పనికిరాదు. మరి బేథియా తన కూతురు బతికుండగా ఆ పేరే ఇంకో బిడ్డకి ఎందుకు పెట్టింది? మొన్నటిదాకా ఆ మనిషిని వెనకేసుకొచ్చాను. జ్వరంతో పడున్న బీదరాలు, ఆమె చేసేదేముంది అని. ఇప్పుడు ఆమె మీదే అనుమానం వస్తోంది. కప్పు పగిలితే కొత్త కప్పు తెచ్చుకున్నట్టుంది. ఇలా రాయడం నాకు ఇష్టం లేదు.

ఇంకొకటి. ఆ శంఖం మా వంటింటి కిటికీలో ఉంది. అంచు పెచ్చు ఊడి ఉంది. పద్నాలుగో తేదీ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా అది నా ఎదురుగానే ఉంది.

యూనా


బాలెమార్టిన్
8 ఏప్రిల్ 1993

యూనా,

నీ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. శంఖం మాట దగ్గర ఆగిపోతున్నాను. చెవి దగ్గర పెట్టుకున్నావా? సముద్రం ఉందా?

కప్పు మాట రాశావు. అమ్మ కూడా అదే అంది. నీకు ఒక సంగతి చెప్పలేదు. నీకేం, ఎవరికీ చెప్పలేదు. పరువు తక్కువని.

శరణాలయం ఇన్‌స్పెక్టర్ వేసవికొకసారి దీవికి వచ్చేవాడు. పిల్లల పరుపులు తిరగేసి చూసేవాడు, పళ్లు చూసేవాడు, బైబిల్ వాక్యం అప్పజెప్పించుకునేవాడు. అమ్మకి తొమ్మిదేళ్లప్పుడు, "మా అమ్మకి జ్వరం తగ్గిందా అయ్యా? ఎప్పుడొస్తుంది?" అని అడిగిందట. అతను పెన్సిలు చెక్కుకుంటూ, "మీ అమ్మకి వేరే ఆడపిల్ల పుట్టింది. దానికి గ్రిజెల్ అని పేరు కూడా పెట్టేసింది. ఇక నీతో పనేముంది? మంచిగా ఉండు," అన్నాడట.

మీ అమ్మమ్మ ఉందని మా అమ్మకి మొదట్నుంచీ తెలుసు యూనా. ఆ పేరుతో ఒకతె గ్లాస్గోలో తన మంచం మీద పడుకుంటోందని, తన శంఖం చెవి దగ్గర పెట్టుకుంటోందని తెలుసు.

ఆ రోజు అమ్మ కొట్టంలో దాక్కుని ఏడుస్తుంటే లామంట్ వాళ్లు ఓదార్చారు. "ఓసి పిచ్చిదానా, ఇందులో ఏడవడానికేముంది? మన హెక్టర్లు లేరూ? మన నీల్‌లు లేరూ? నువ్వు పెద్ద గ్రిజెల్‌వి, అది చిన్న గ్రిజెల్," అన్నారట. అప్పటి హెక్టర్లు వీళ్ల తాతా, ఆయన తమ్ముడూ, వాళ్లూ పక్కనుండి అదే మాటన్నారట. మంచి మనసుతోనే అన్నారు. కానీ అమ్మకి అది ఓదార్పు కాలేదు. "పెద్ద గ్రిజెల్ అయితే పెద్ద గ్రిజెల్‌ని తీసుకుపోడానికి రావాలిగా?" అనేది. రాలేదు.

అందుకని నాకు బేథియా పేరు లేదు. అందుకని రాయి మీద వద్దంది. ఇక తేలిపోయినట్టే కదా. రాతిపనివాడికి పేరు వద్దనే చెబుతాను. అడిగినందుకు నువ్వు చాలా తిరిగావు. నీకు వూల్ మేజోళ్లు అల్లి పంపుతున్నాను, గ్లాస్గో మెట్లు చల్లగా ఉంటాయి.

కర్స్టీ


గ్లాస్గో
15 ఏప్రిల్ 1993

పెద్దమ్మా,

రాతిపనివాడికి ఏమీ చెప్పకు. చెప్పేసి ఉంటే పోస్టాఫీసుకి వెళ్లి ఫోన్ చేసి ఆపు. ముందు ఇది చదువు.

టైరీలో రెండు హెక్టర్లు బతికుంటారు. గోవన్‌లో రెండు గ్రిజెల్‌లు బతికుండరు. నేను నీ దీవిని నా ఊరి లెక్కతో కొలిచి మీ అమ్మని చంపాను. మీ లామంట్‌లు మా ఊరిని దీవి లెక్కతో కొలిచి ఆ పిల్లని ఓదార్చారు. ఆ ఇన్‌స్పెక్టర్ మాట విని ఒక్క గోవన్ మనిషి ఆ కొట్టంలో ఉండి ఉంటే, గుండె బాదుకుని, "అయ్యో, మీ అమ్మ నువ్వు చచ్చిపోయావనుకుంటోందే!" అనేది.

వేరే అర్థం లేదు పెద్దమ్మా. బేథియాకి అలా చెప్పింది శరణాలయం వాళ్లే. జ్వరం తగ్గి, ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ శరణాలయం గుమ్మానికి వెళ్లి బిడ్డని అడిగి ఉంటుంది. పోయింది, పూడ్చేశాం అన్నారు. అలా అంటే తల్లులు మళ్లీ రారు, గొడవ చెయ్యరు, పెంపకానికి పంపిన పిల్లల్ని వెనక్కి అడగరు. తల్లికి బిడ్డ చచ్చిందన్నారు. బిడ్డకి తల్లి వద్దందన్నారు. రెండు అబద్ధాలు చెప్పి రెండు వైపులా తలుపులు వేసుకున్నారు. వెధవలు.

ఇది నా ఊహ అంటావేమో. అనద్దు. అమ్మమ్మ మాటలు ఇప్పుడు గుర్తొస్తున్నాయి. చిన్నప్పుడు ఆ శంఖం అడిగితే, "జాగ్రత్తే, నా ముందుదాని చేతిలో ఒకసారి జారింది," అనేది. ముందుది ఎవరని నేను అడగలేదు. ఏ పాత పనిమనిషో అనుకున్నాను, మూడో అంతస్తు బీదింట్లో పనిమనిషి! నా సామ్యవాదం అప్పటికి ఇంకా మొలవలేదు. ఇంకో మాట కూడా అనేది, "నేను చచ్చిన పిల్ల పేరు మోస్తున్నాను, రెండింతలు బుద్ధిగా ఉండాలని మా అమ్మ చెప్పేది" అని.

ప్రతి వసంతంలో బేథియా ఆమెని శ్మశానానికి తీసుకెళ్లేదట. బీదల్ని కలిపి పూడ్చే మూల ఉంటుంది, రాళ్లుండవు, గడ్డే. అక్కడ గోడ పక్కన ఒకచోట ప్రిమ్‌రోజ్ పూలు పెట్టేదట. అమ్మమ్మ కూడా చివరిదాకా పెట్టింది. చిన్నప్పుడు నేనూ వెంట వెళ్లాను. బేథియా తల్లి, ఆ పాత గ్రిజెల్‌కి అనుకునేదాన్ని. కానీ ఆమెని పూడ్చింది ఎక్కడో ఫైఫ్‌లో, నిన్ననే కాగితాల్లో చూశాను. ఆ గడ్డి కింద ఎవరున్నారో దేవుడికే తెలియాలి. మీ అమ్మ టైరీలో ఆవు పాలు పితుకుతుంటే వీళ్లు ఇక్కడ ఆమెకి పూలు పెడుతున్నారు. తెలుసా, ఆమె పెళ్లి చేసుకున్న ఏడు కూడా పూలు పెట్టే ఉంటారు.

నాకు పిచ్చెక్కుతోంది. వ్యాసం పూర్తి చేశాను, పేజీ మొత్తం. రాయి మీద ఏం చెక్కించాలో కూడా రాశాను: 'గ్రిజెల్ రాన్‌కైన్. కిల్‌బార్వీ శరణాలయం తల్లికి చనిపోయిందని అబద్ధం చెప్పి దొంగిలించిన బిడ్డ.' ఖర్చు నాది. మా యూనియన్ వాళ్లు కూడా ఇస్తామన్నారు. అందరూ చూడాలి పెద్దమ్మా. ఓడ దిగిన ప్రతివాడూ చదవాలి.

మేజోళ్లు వచ్చాయి. సరిపోయాయి. నా పాదం కొలత నీకెలా తెలుసు?

యూనా


బాలెమార్టిన్
8 మే 1993

అమ్మాయ్ యూనా,

మీ అమ్మమ్మ పాదమూ మా అమ్మ పాదమూ ఒకటే అయ్యుంటాయని అమ్మ కొలతకి అల్లాను. అంతే.

నీ ఉత్తరం వచ్చినప్పుడు హెక్టర్లు బంగాళాదుంపలు నాటుతున్నారు. కంచె దగ్గర నిలబడి గట్టిగా చదివి వినిపించాను. చిన్న హెక్టర్ టోపీ తీసి, "మా తాతలు ఎంత పని చేశారు," అన్నాడు. పెద్దోడు, "వాళ్లేం చేశార్రా, తెలిసింది చెప్పారు," అన్నాడు. మళ్లీ ఇద్దరూ వంగారు.

నాకైతే ఏమీ పాలుపోవడం లేదు. నవ్వొచ్చేంత అయోమయంగా ఉంది. పుట్టినప్పటి నుంచీ ఒక మనిషి మీద కోపం పెట్టుకున్నాను. అమ్మది నాకొచ్చింది, ఇంటి గడియారం వచ్చినట్టు. రోజూ కీ ఇచ్చాను. ఇప్పుడది ఆ మనిషిది కాదంటున్నావు. మరి ఎక్కడ పెట్టను? ఆ ఇన్‌స్పెక్టర్ పేరు కూడా తెలియదు. నీ దగ్గర చోటుందిగా, నువ్వు తీసుకో. నీకు పనికొస్తుంది.

నీ వ్యాసం వేయించుకో. ఎంత గట్టిగా రాస్తావో రాసుకో, మా అమ్మ పేరు కూడా రాసుకో, చేపలు చుట్టినప్పుడైనా చదువుతారు. కానీ రాయి మీద నువ్వు చెప్పింది చెక్కనివ్వను. అది నీ పేపరు కాదు. అమ్మ ఆ శరణాలయాన్ని బతికినంతకాలం నెత్తిన మోసింది. చచ్చాక కూడా మోయాలా? ఓడ దిగినవాడు చదవాల్సింది వాళ్ల పేరా, మా అమ్మ పేరా? కోప్పడకు. కోప్పడతావని తెలుసు. కోప్పడి, తర్వాత ఓడెక్కు.

అమ్మకిచ్చిన మాట ఒకటుంది కదా. దాని గురించే నిద్ర పట్టలేదు. 'నన్నొద్దనుకున్న మనిషి పేరు వద్దు' అంది. నేను ఆ మాట మళ్లీ మళ్లీ అనుకుని చూశాను. వద్దనుకున్న మనిషి పేరు వద్దంది. వద్దనుకోని మనిషి పేరు వద్దనలేదు. పాస్టర్ గారికి ఇది లౌక్యంలా కనిపించింది. "కర్స్టీ, చచ్చినవాళ్ల మాట మీద వకీలు పని చేస్తున్నావు," అన్నాడు. "పిల్లని పోగొట్టుకున్నవాళ్లకి వకీలు దొరికి ఉంటే ఈ రాయే ఉండేది కాదు అయ్యా," అన్నాను. నీ గాలి సోకింది నాకు.

రాతిపనివాడు మొన్న మంగళవారం వచ్చాడు. మంచి గ్రానైట్. ఇలా చెక్కించాను:

గ్రిజెల్ రాన్‌కైన్
గోవన్‌లో పుట్టింది, టైరీలో పోయింది
ఆర్చిబాల్డ్ లామంట్ భార్య
బేథియా లోరిమర్ మొదటి కూతురు
గ్రిజెల్ రాన్‌కైన్‌కి అక్క

చివరి పంక్తి దగ్గర అతను ఉలి ఆపి, "అమ్మా, ఒకే పేరు రెండుసార్లొచ్చింది. పొరపాటేమో చూసుకోండి, రాయి మీద కొట్టేశాక దిద్దలేను," అన్నాడు. పెద్ద హెక్టర్ వెనక నుంచి, "పొరపాటు కాదు, కొట్టు," అన్నాడు.

ఆ గ్లాస్గో గడ్డి మీద ప్రిమ్‌రోజ్‌లు మానేయకు. కింద ఎవరి బిడ్డ ఉందో, ఇన్నేళ్లు ఆమెకీ ఎవరో పూలు పెట్టారు కదా. ఇక్కడికి వచ్చేటప్పుడు శంఖం తెచ్చెయ్. రాయి దగ్గర పెట్టడానికి కాదు. నేను చెవి దగ్గర పెట్టుకుని చూడాలి, అంతే.

ఇంకొకటి. నిన్న పోస్టాఫీసులో పింఛను పుస్తకం మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి దానంతట అదే ఒక పేరు ఎక్కువ రాసింది. కౌంటర్ పిల్ల, "ఇదెవరు కర్స్టీ బామ్మా? చెల్లదు," అంది. చెల్లకపోతే పోనీ. ఉత్తరం మీద చెల్లుతుంది.

నీ పెద్దమ్మ,
బేథియా కర్స్టీ లామంట్